ఒకే పంక్తి: విద్యార్థి వసతిగృహముల కథ

జూన్, జూలై మాసములు వచ్చినవనగా తిరుపతి రైలు స్టేషనులో రెండు తెగల యాత్రికులు దిగుదురు. మొదటి తెగవారు మూటలతో, ముడుపులతో వచ్చినవారు. వారు కొండ యెక్కి, తలనీలాలిచ్చి, దర్శనము చేసికొని, గుండుమీద గంధముతో, చేత ప్రసాదముతో రెండుమూడు దినములలో తిరిగి పోవుదురు. రెండవ తెగవారు ఇనుపపెట్టెతోనో చక్రముల సంచితోనో, చాపచుట్టతో, ఊరగాయ సీసాతో వచ్చినవారు. వారు మూడేండ్లో నాలుగేండ్లో ఈ ఊరనే ఉండిపోవుదురు. మొదటివారికి చోటు చూపుటకు సత్రములు కలవు. రెండవవారికి చోటు చూపవలసినవి విద్యాలయములు.

బయలుదేరబోవు బస్సు దగ్గర ఒక తల్లి కొడుకునకు చెప్పుచుండును: “రూములో ఎవురుంటారో ఏమో నాయినా, అందురితో మంచిగా ఉండు. అన్నం తినకుండా పండుకోవాకు.” కొడుకు తల యూపును. చుట్టుపట్ల వారు విందురేమోనని అతనికి సిగ్గు. బస్సు కదలిన తరువాత, అంతకు మునుపు లేని బెంగ యేదో గొంతులో అడ్డుపడును.

ఆ తల్లి మాటలలో విద్యార్థి నివాసమును గూర్చిన రెండు మూలప్రశ్నలును ఉన్నవి. ఎవరితో ఉండవలెను? ఎవరితో కూర్చుండి తినవలెను? విద్యాలయముల కరపత్రములలో ఈ సంగతులు చివరి పుటలలో ఉండును. విద్యార్థి జీవితములో మొదటి రాత్రియే ఎదురగును. చదువు తరగతిలో చెప్పబడును, వసతిగృహములో పరీక్షింపబడును. ఏ కాలమునాటి వసతిగృహపు గుణమునైనను తెలిసికొనుటకు ఒక్క కొలత చాలును. భోజనవేళ ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురు?

వారముల చదువు

పూర్వము పట్టణమునకు చదువుకొన వచ్చిన బీదబాలునకు హాస్టలు అను మాటయే తెలియదు. అతడు ఏడు ఇండ్లు వెదకికొనవలెను. సోమవారము ఒక ఇంట, మంగళవారము మరియొక ఇంట, ఇట్లు వారమునకు ఏడు గడపలు. దీనినే వారములు చేసికొని చదువుకొనుట అనిరి. రాత్రి పరుండుట ఏ సత్రపు అరుగుమీదనో, గుడి మండపములోనో, దయగల ప్లీడరుగారి వసారాలోనో. వీధిదీపము క్రింద చదివి పైకి వచ్చినవారి కథలను తెలుగుదేశమున ప్రతి పాఠశాలలోను చెప్పుదురు. ఆ కథలలో దారిద్ర్యమును గెలిచిన పట్టుదల కలదు. కన్నబిడ్డకు వలె వడ్డించిన ఇల్లాండ్ర పుణ్యము కలదు.

కాని ఆ కథలు చెప్పని సంగతి యొకటి కలదు. వారపు ఇల్లు దొరకుట కులమునుబట్టి. చాలవరకు అది బ్రాహ్మణ బాలురకు అందిన ఆధారము. రైతుబిడ్డకు పట్టణమున బంధువుల ఇల్లు లేనిచో పై చదువు లేదు. అంటరానివారిగా నెట్టివేయబడిన కులముల బాలునకు అరుగు కూడ లేదు. ఒక వారము తప్పి పస్తుండిన బాలుని చూచి జాలిపడిన సంఘము, ఏ వారమును దొరకని బాలుని తలపనైనను తలపలేదు.

తరువాత పట్టణములలో కులవసతిగృహములు వెలసినవి. ఒక్కొక్క కులపు పెద్దలు చందాలు వసూలుచేసి తమ బాలురకు నీడ కల్పించిరి. 1918లో హైదరాబాదున రాజా బహద్దూరు వేంకటరామారెడ్డి పూనికతో ఏర్పడిన రెడ్డి హాస్టలు వానిలో ప్రసిద్ధమైనది. సురవరము ప్రతాపరెడ్డి వంటి పండితుడు దాని నిర్వహణభారమును వహించెను. ఇట్టి గృహములు లేకున్నచో వేలకొలది పల్లెబాలురు పట్టణపు ముఖము చూచియుండరు. ఆ మేలును మరువరాదు. అయినను తనవారితో తప్ప మరియొకరితో కలిసి భుజింపకయే పట్టా పుచ్చుకొనుటకు అవి వీలు కల్పించినవని చెప్పకయు తప్పదు.

రాతిమీది మాట

కాలేజి అను సంస్థ పుట్టుకయే వసతిగృహముతో ముడివడి యున్నది. 1257 ప్రాంతమున పారిస్ నగరమున రాబర్ డి సోర్బాన్ అను మతాచార్యుడు దైవశాస్త్రము చదువవచ్చిన బీద విద్యార్థులకొరకు ఒక నివాసమును నెలకొల్పెను. ఆనాడు విశ్వవిద్యాలయమనగా గురుశిష్యుల సంఘము. కాలేజి యనగా వారిలో కొందరు తిని, పరుండి, చదువుకొను ఇల్లు. ఆ ఇంటి పేరే నేడు ప్రపంచమెరిగిన సోర్బాన్.

సరిగా ఆ కాలముననే కృష్ణాతీరమున మరియొక ప్రయత్నము జరిగినది. 1261 నాటి మల్కాపురము శాసనము దానికి సాక్షి. కాకతీయ గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందడము గ్రామమును, రుద్రమదేవి వెలగపూడి గ్రామమును దానమిచ్చిరి. ఆచార్యుడు అచట ఆలయమును, మఠమును, విద్యాశాలను, సత్రమును, ప్రసూతిశాలను, వైద్యశాలను ఏర్పరచెను. సత్రమున బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు ఎల్లరకు అన్నము పెట్టవలెనని నియమము చేసెను. అందరు ఒకచోట కూర్చుండిరో లేదో కాని, అన్నము అందరిదియను మాటను ఏడున్నర శతాబ్దుల క్రిందటనే తెలుగునేలమీద రాతిపై చెక్కిరి. ఆ మందడము, వెలగపూడి గ్రామములు ఇప్పుడు అమరావతి రాజధాని ప్రాంతములోనివి. వానికి సమీపముననే 2017 నుండి ప్రైవేటు విశ్వవిద్యాలయములు బహుళ అంతస్తుల వసతిగృహములతో నడచుచున్నవి. రాయి చెప్పిన మాటను ఆ అంతస్తులు విన్నవా యను ప్రశ్న సహజముగనే కలుగును.

మదనపల్లెలో ఒక రాత్రి

ప్రైవేటు విశ్వవిద్యాలయము నిన్నమొన్నటి వింతయని పలువురు తలచుచున్నారు. చిత్తూరు సీమకు ఆ అనుభవము నూరేండ్లనాటిది.

1915లో అనీబిసెంటు ప్రోత్సాహముతో మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాల ఏర్పడినది. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టి నాలుగేండ్లే యైనది. ఎండకాలమునను చల్లగాలి వీచు ఆ కొండలనడుమ కళాశాల స్థిరపడుచుండగానే హోమ్‌రూలు ఉద్యమము వచ్చినది. 1917లో ప్రభుత్వము బిసెంటమ్మను నిర్బంధించెను. ఆమె విద్యాసంస్థలలోని గురుశిష్యులు ఉద్యమమున పాలుగొనిరి. దాని ఫలముగా మద్రాసు విశ్వవిద్యాలయముతో మదనపల్లె కళాశాలకు సంబంధము తెగినది. ఆ విద్యార్థుల పట్టాలకు గుర్తింపు ఎవరిత్తురు? అప్పుడు ప్రభుత్వముతో నిమిత్తము లేకుండ అడయారులో జాతీయ విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. రవీంద్రనాథ టాగూరు దానికి చాన్సలరు. మదనపల్లె దాని నీడకు చేరినది. సర్కారు ముద్ర లేని ఆ పట్టాకు ఉద్యోగపు బజారులో ఎంత వెల పలుకునో అచటి విద్యార్థులు ఎరుగకపోలేదు. ఎరిగియే ఉండిరి.

1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ సంచారముచే అలసిన టాగూరు విశ్రాంతికై మదనపల్లెకు వచ్చెను. ఐరిష్ కవియైన జేమ్స్ కజిన్స్ అప్పుడు కళాశాల ప్రధానాధ్యాపకుడు. అతని భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతవిదుషి. బుధవారము రాత్రి భోజనములైన తరువాత విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి పాటలతో ప్రొద్దుపుచ్చుట అచటి ఆచారము. ఆ రాత్రి కవియు వారి నడుమకు వచ్చి కూర్చుండెను. పాడుమని యడుగగా 1911లో తాను రచించిన ‘జనగణమన’ను మెల్లని గొంతుతో పాడెను. చివరి జయధ్వానమునకు వచ్చుసరికి పిల్లలందరు గొంతు కలిపిరి. మార్గరెట్ ఆ వరుసకు స్వరము వ్రాసినది. ఫిబ్రవరి 28వ తేదీతో కవి దానికి స్వయముగా ఆంగ్లానువాదము చేసి స్వహస్తముతో వ్రాసి యిచ్చెను. నాటినుండి అది ఆ కళాశాల ఉదయప్రార్థన యైనది. 1950 జనవరి 24న దేశమంతటికి జాతీయగీతమైనది.

ఈ కథను పాఠశాలలలో జాతీయగీత చరిత్రగా చెప్పుదురు. అది విద్యార్థి నివాసచరిత్ర కూడ. ఆ పాట కవి యొక్కడే పాడినది కాదు. భోజనమైన తరువాత గదులకు పోక కలిసి కూర్చుండు అలవాటుగల పిల్లలు దానిని అందుకొనిరి. ఆ జాతీయ విశ్వవిద్యాలయము ఎక్కువకాలము నిలువలేదు. కళాశాల మరల మద్రాసు విశ్వవిద్యాలయపు గొడుగు క్రిందకు పోయినది. సంస్థ పోయినది, పట్టాలు పోయినవి, పాట మిగిలినది.

అన్నము దగ్గర తెగిన తాడు

ఆ కాలపు జాతీయ విద్యాలయములన్నియు ఇట్టి తీపి జ్ఞాపకములనే మిగిల్చినవని తలచరాదు. పొరుగు తమిళదేశమున తిరునల్వేలి జిల్లా చేరన్మహాదేవిలో వి.వి.యస్. అయ్యరు ఒక గురుకులమును నడపెను. అయ్యరు దేశభక్తుడు, త్యాగి. అందు సందేహము లేదు. కాంగ్రెసు దానికి 5,000 రూపాయలిచ్చినది. కాని ఇద్దరు బ్రాహ్మణ బాలురకు, వారి పెద్దలు కోరిరని, వేరుగా అన్నము పెట్టిరి. ఆ సంగతి బయటపడినది. 1924-25 సంవత్సరములలో తమిళదేశపు కాంగ్రెసు దానిమీద రెండుగా చీలినంత పనియైనది. తెలుగువాడైన డాక్టరు పి. వరదరాజులు నాయుడు, ఈరోడు రామస్వామి నాయకరు ఆ నియమమును ఎదిరించిరి. గాంధీ మహాత్ముని వరకు ఆ తగవు పోయినది.

ఇద్దరు బాలుర విస్తళ్లకొరకు ఇంత కలహమేల యని ఆనాడు అడిగినవారున్నారు. పాఠము ఒకటే, ప్రార్థన ఒకటే, ఆట ఒకటే. ఒక్క పూట అన్నము వేరైన నష్టమేమి? నష్టము ఇది: పాఠము చెప్పిన సమత్వము నిజమో కాదో పిల్లవాడు పరీక్షించి చూచుకొనునది విస్తరి దగ్గరనే. అచట అబద్ధమని తేలినది గ్రంథములో ఎంత నిజమైనను అతడు నమ్మడు. ఉపాధ్యాయు లెవరును మరువరాని పాఠమిది.

కొండ క్రింద విశ్వవిద్యాలయము

1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమవారు కోరిన కోర్కెలలో విశ్వవిద్యాలయ కేంద్రము ఒకటి. ఆంధ్రరాష్ట్రమేర్పడిన మరుసటి సంవత్సరము, 1954 సెప్టెంబరు 2న, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. అప్పటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశము. మొదటి ఉపాధ్యక్షుడు యస్. గోవిందరాజులు నాయుడు. తిరుమల తిరుపతి దేవస్థానము చేయూతనిచ్చినది. యాత్రికుల ముడుపు విద్యార్థికి నీడ యైనది. పిమ్మట పశువైద్య కళాశాల 1955లో, ఇంజనీరింగు కళాశాల 1959లో, వైద్య కళాశాల 1960లో, వ్యవసాయ కళాశాల 1961లో వచ్చినవి. పదేండ్లు తిరుగకముందే పుణ్యక్షేత్రము విద్యాక్షేత్రము కూడ ఐనది.

ఆ వసతిగృహములకు వచ్చిన వారెవరు? పలమనేరు, పుంగనూరు, పీలేరు మెట్టపొలముల రైతుల పిల్లలు; కడప, అనంతపురము కరవుపల్లెల పిల్లలు; నెల్లూరు మాగాణి పిల్లలు. వారిలో చాలమందికి ఇంటిలో తమకు ముందు కాలేజి మెట్టు ఎక్కినవారు లేరు. సత్యవేడు, నగరి నుండి వచ్చినవాని తెలుగులో అరవము పలుకును. కుప్పమువానికి కన్నడమును తెలియును. ఒకడు సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి లేక అలమటించును. మరియొకడు సంగటిని మొదటిసారి చూచి, ఇదేమని యడుగును. మొదటివారము ఎగతాళి, రెండవవారము తగవు, మూడవవారము ఊరగాయ పంపకము. అటుపిమ్మట ఒకని ఇంటినుండి వచ్చిన అరిసెల డబ్బా గదిలో నలుగురిది.

ఆ నాటి హాస్టళ్లలో నేర్చిన పెద్దపాఠము మెస్సు లెక్క. దానిని డివైడింగు పద్ధతి యనిరి. విద్యార్థులే తమలోనుండి మెస్సు కార్యదర్శిని ఎన్నుకొందురు. అతడు అంగడికి పోయి బియ్యము, పప్పు, కూరలు బేరమాడి తెచ్చును. వంటవారి జీతములు, కట్టెల ఖర్చు, పాల ఖర్చు అన్నియు వ్రాయును. నెలాఖరున మొత్తము ఖర్చును అందరు తిన్న దినముల సంఖ్యచే భాగించి, ఎవరు ఎన్ని దినములు తినిరో అంత పంచుదురు. లెక్క గోడకు అంటింపబడును. “ఈనెల రోజుకు ఇంత పడిందేంది అన్నా? వంకాయలు బంగారుతో చేసినారా?” అని ఒకడు అడుగును. కార్యదర్శి చిట్టా తీసి చూపవలెను. ప్రజాస్వామ్యమును గూర్చి రాజనీతి ఆచార్యుడు ఏడాదిలో చెప్పినదానికంటె ఆ గోడమీది కాగితము ఒక్క సాయంకాలములో చెప్పినది ఎక్కువ.

ఆ హాస్టళ్లు స్వర్గములని చెప్పుట సత్యదూరము. నీళ్ల కొరత, నల్లుల మంచము, ఉడకని పప్పు, చెప్పుకొనలేని కులపు గుసగుసలు అన్నియు ఉండెను. ఎన్నికల వేళ గదులు కులములవారీగా చీలిన సందర్భములు తెలుగుదేశపు విద్యాలయములలో తక్కువ కాదు. అయినను వంట ఒకటి, వడ్డన ఒకటి, వంతు ఒకటి. మునసబుగారి కొడుకునకును, ఆయన పొలములో పాలేరు కొడుకునకును ఒకే గరిటె. ఊరిలో జరుగనిది హాస్టలులో జరిగినది. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఆ స్నేహమును ఇంటి గడప దాటింపగలిగినవారు కొందరు. ఊరిపొలిమేరలోనే విడిచినవారు కొందరు. హాస్టలు వేసిన ప్రశ్నకు ఎవరి జవాబు వారిది.

ఈ భావమునే ప్రభుత్వము బడులకు కూడ తెచ్చినది. 1971లో సర్వేలులో, మరుసటి సంవత్సరము తాడికొండలో, రాయలసీమకొరకు కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాలలు నెలకొనినవి. ఆ తరువాత సాంఘికసంక్షేమ గురుకులములు వచ్చినవి. ఒకప్పుడు సత్రపు అరుగు కూడ దొరకని ఇంటి బిడ్డకు పలక, పళ్లెము, పడక మూడును దొరకినవి.

గేటు మూయు వేళ

బాలికల కథ వేరు. తిరుపతిలో 1952లో శ్రీ పద్మావతి మహిళా కళాశాల, 1983 ఏప్రిల్ 14న శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము వెలసినవి. ఆడపిల్లను పొరుగూరికి చదువుకు పంపుటకు వెనుదీయు తండ్రికి మంచి హాస్టలు ఉన్నదను మాటయే ధైర్యము. ఆ మాట లేకున్నచో పదవ తరగతితో పెండ్లి కావలసిన పిల్లలు ఎందరో డాక్టర్లు, ఆచార్యులు ఐరి.

కాని రక్షణము కల్పించిన గోడయే కొన్నాళ్లకు బందిఖానా గోడగా తోచుట కలదు. అన్నగారు రాత్రి తొమ్మిదివరకు గ్రంథాలయమున చదువుకొనవచ్చును. చెల్లెలు ఆరు గంటలకే గేటులోపల ఉండవలెను. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’, అనగా పంజరము బద్దలుచేయుము, అను పేరుతో ఈ భేదమును ప్రశ్నించిరి. రక్షణము వలదని వారు కోరలేదు. గ్రంథాలయము తెరచియున్న వేళ తమకు మాత్రము గేటు ఏల మూయవలెనని యడిగిరి. దానికి ఇంతవరకు పలుచోట్ల జవాబు రాలేదు.

క్రొత్త పంక్తులు

2016లో ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము వచ్చినది. తిరుపతికి సమీపమున చంద్రగిరి మండలములో 1996లో ఇంజనీరింగు కళాశాలతో మొదలైన విద్యాసంస్థ 2022లో మోహన్‌బాబు విశ్వవిద్యాలయమైనది. చిత్తూరు పట్టణము చెంత అపోలో విశ్వవిద్యాలయము కలదు. ఇతర రాష్ట్రముల బాలబాలికలును ఈ సీమకు వచ్చుచున్నారు. ఇది గర్వింపదగిన మార్పే. నేటి ప్రైవేటు వసతిగృహములలో పాతకాలపు నల్లులు లేవు, చీకటి మెట్లు లేవు. త్రాగునీరు, వైద్యుడు, వ్యాయామశాల, అంతర్జాల సౌకర్యము కలవు. వీనిని విలాసములని తీసివేయుట న్యాయము కాదు. బిడ్డ రోగము లేక చదువుకొనవలెనని కోరని తల్లి లేదు.

అయినను దేశమంతట ఇట్టి విద్యాలయముల ధరల పట్టికను ఒకసారి చదివినచో పాతకొలతను మరల తీయవలసి వచ్చును. ఏ.సి. గల ఇద్దరి గదికి ఒక వెల. ఏ.సి. లేని ముగ్గురి గదికి ఒక వెల. నలుగురి గదికి మరియొకటి. కొన్నిచోట్ల భోజనశాలయును రెండు తరగతులు. పిల్లవాడు ఎవరితో ఉండవలెనో మొదటిదినముననే తండ్రి జేబు నిర్ణయించును. పూర్వము పంక్తిని కులము విడదీసినది. ఇప్పుడు రుసుము విడదీయుచున్నది. పాతగోడను అందరు తప్పనిరి. క్రొత్తగోడను సౌకర్యమనుచున్నారు. భేదమంతయు పేరులోనే.

బీద విద్యార్థి మాట చెప్పనేల? 2020లో రాష్ట్రప్రభుత్వము వసతిదీవెన అను పథకముతో డిగ్రీ, ఆపై చదువుల వారికి ఏటికి 20,000, పాలిటెక్నిక్కు వారికి 15,000, ఐటిఐ వారికి 10,000 రూపాయలు భోజన, వసతులకు ప్రకటించెను. వసతియు చదువులో భాగమేనని ప్రభుత్వము ఒప్పుకొనుట మంచిదే. కాని పెద్ద హాస్టలు రుసుము ప్రక్కన ఆ మొత్తము ఎంత? గది వెల యెంతగా పెరిగినదనగా అది పన్నుల తగవులలోనికి కూడ ఎక్కినది. 2024 జూన్ నెలలో జి.యస్.టి. మండలి, 90 దినములు ఎడతెగక నివసించువారికి, మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని వసతికి పన్ను మినహాయింపు నిర్ణయించెను. వీధిదీపము క్రింద చదివిన తాత విన్నచో నవ్వునో ఏడ్చునో చెప్పలేము.

డివైడింగు లెక్కయు పలుచోట్ల పోయినది. వంట కంట్రాక్టరుది, లెక్క కార్యాలయముది. సాంబారు పలుచనైనచో విద్యార్థి ఫిర్యాదు చేయును. పూర్వము చిట్టా అడిగెడివాడు. అడుగు గృహస్థునకును, ఫిర్యాదు చేయు కొనుగోలుదారునకును చాల దూరము కలదు. బయటికి పోవుటకు చీటి, లోపలికి వచ్చుటకు వేలిముద్ర, తండ్రికి ఫోనులో సందేశము. నిఘా పెరిగినది, తోడు పెరిగినదా? తలుపు వేసికొని, చెవులకు తీగలు తగిలించుకొని, నాలుగడుగుల దూరమున నలుగురు నాలుగు లోకములలో నుండు గది నేడు అరుదు కాదు. ఎవరితో ఉన్నను ఒంటరియే యను దుఃఖము వారముల బాలునకు తెలియనిది.

ఈ దుఃఖము ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును. ర్యాగింగు పేర జరిగిన ఘోరములు చూచి 1997లో రాష్ట్రము నిషేధచట్టము చేసినది. 2007లో రాఘవన్ సంఘము దేశమంతటి స్థితిని పరిశీలించినది. 2009లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము కఠిన నియమములు విధించినది. చట్టము భయమును పుట్టింపగలదు. అన్నను తమ్ముని ఎరుగునట్లు చేయజాలదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున హాస్టలునుండి బహిష్కృతులైన అయిదుగురు విద్యార్థులు ఆవరణలో గుడారము వేసికొని నివసించిరి. వారిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణము తీసికొనెను. దానిని గూర్చిన వాదములు పెక్కు. కాని ఒకటి వాదమునకు అతీతము: విద్యార్థికి గది పోవుట యనగా మంచము పోవుట మాత్రము కాదు, తాను ఇచటివాడనను నమ్మకము పోవుట.

చేయదగిన పనులు

దీనికి మందు లేకపోలేదు. అది కోట్లతో పనిలేనిది. మొదటి సంవత్సరమునందైనను గదులను రుసుమునుబట్టి గాక చీట్లు వేసి పంచవచ్చును. రుసుము అందరికి ఒకటే. గది ఎవరితో పడునో అదృష్టము. చిత్తూరువాడు బీహారువానితో, వ్యాపారి కొడుకు కౌలురైతు కొడుకుతో ఒక ఏడు ఉండనిండు. మెస్సు లెక్కను మరల గోడకు ఎక్కింపవచ్చును. వంట కంట్రాక్టరుదే యైనను చిట్టా విద్యార్థులదిగా ఉండవచ్చును. వార్డెను కావలివాడు గాక ఉపాధ్యాయుడు కావలెను. వారమునకు ఒక్కపూటయైనను పిల్లలతో కూర్చుండి వారు తిన్నదే తినవలెను. మదనపల్లెలో ఆ బుధవారపు రాత్రి ప్రధానాధ్యాపకుడు తన బంగళాలోనే ఉండిపోయినచో ఆ పాట అచట పుట్టించిన వెలుగు పుట్టియుండదు.

తిరుపతి విద్యాలయములకు ఈ పాఠము దూరమునుండి రానక్కరలేదు. తల యెత్తి చూచిన చాలును. 1985లో మొదలైన నిత్యాన్నదానము కొండమీద నేటికిని సాగుచున్నది. మదనపల్లె చెంతనున్న తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరుతో 2011లో అచట విశాలమైన అన్నప్రసాద భవనము ఏర్పడినది. ప్రతిదినము వేలకొలది జనులు అందు బల్లల వెంబడి వరుసగా కూర్చుందురు. కారులో వచ్చినవాడును, కాలినడకన వచ్చినవాడును ఎవరి ప్రక్కన ఎవరో ఎరుగరు. ఎరుగవలసిన పనియు లేదు. మొదటి తెగ యాత్రికునకు ఒక పూట దొరకుచున్న ఆ పంక్తి రెండవ తెగ యాత్రికునకు నాలుగేండ్లు దొరకరాదా?

ఆ జూన్ సాయంకాలము బస్సు దిగి వచ్చిన కుర్రవాడు ఇప్పుడు హాస్టలు భోజనశాల గుమ్మమున నిలిచియున్నాడు. చేత పళ్లెము. ఎదుట ఎరుగని ముఖములు. ఎచట కూర్చుండవలెనో తోచదు. తల్లి చెప్పిన మాట జ్ఞాపకము వచ్చును. తినకుండ పరుండుటయే మేలని కూడ తోచును. అంతలో మూడవ బల్ల దగ్గర ఎవరో తలయెత్తి చూచి, ప్రక్కకు జరిగి, బల్లమీద చేతితో తట్టి పిలుచును.

“రా తమ్ముడూ, ఈడ కూసో. యా ఊరు మీది?”